పువ్వు కంటే ముందు వెనక చూడండి

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం, ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప వేసి ఉంది, కింద కూర్చోవచ్చు. ఫ్యాన్ చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గట్టిగా చెప్తాను.

ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఫోన్లో మందార పువ్వు ఫోటో ఎంతమందికి ఉంది? చూశారా, దాదాపు అందరికీ ఉంది. ఎర్ర మందారం, వెనక ఆకులు. ఇప్పుడు ఆ ఫోటో తెరిచి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మార్చారా? పువ్వు ఎక్కడుంది? అమ్మా, మీది చూపించండి. ఆకు ఏదో, రేకు ఏదో తెలుస్తోందా? మధ్యలో ఆ పొడవాటి కేసరం ఒక్కటి తెల్లగా కనిపిస్తోంది, మిగతాదంతా ఒకే బూడిద రంగు. చాలామందికి ఇలాగే వచ్చి ఉంటుంది.

ఎందుకిలా అయింది? ఎరుపుకీ ఆకుపచ్చకీ రంగులో చాలా తేడా ఉంది. చిన్నపిల్లవాడైనా చెప్తాడు. కానీ వెలుతురులో తేడా లేదు. ఎర్ర రేకు ఎంత వెలుతురు వెనక్కి ఇస్తోందో, వెనకున్న ఆకు కూడా ఇంచుమించు అంతే ఇస్తోంది. రంగు తీసేయగానే రెండూ కలిసిపోయాయి. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే. పువ్వు వెనక ఏ రంగు ఉండాలి అని అందరూ అడుగుతారు. దాని కంటే ముందు అడగాల్సింది, పువ్వు వెనక ఎంత వెలుతురు ఉండాలి అని. ముదురా, లేతా? అది తేలితే రంగు ఎంచుకోవడం సగం తేలికవుతుంది. అది తేలకుండా ఎంత అందమైన రంగు పెట్టినా పువ్వు పైకి రాదు.

ఒక లెక్క చెప్తాను, జాగ్రత్తగా వినండి. మీ ఫోన్ తెర మీద తెలుపు కనిపించాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలవాలి. ఆ తెలుపులో ఉన్న వెలుతురులో ఆకుపచ్చ వంతు సుమారు 72 శాతం, ఎరుపు వంతు 21 శాతం. నీలం వంతు ఎంత? 7 శాతమే. మన కన్ను తీరు అంత. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే తెర మీద పసుపు వస్తుంది. అంటే పసుపు వెలుతురు ఎంత? 93 శాతం. తెలుపుకి అంగుళం దూరంలో ఉంది. అందుకే బంతి, చామంతి, తంగేడు ఎక్కడున్నా కంటికి ముందు అవే తగులుతాయి. అందుకే శంఖుపుష్పం, మీ ఇంటి గోడ మీద ఎంత విరగబూసినా, సాయంత్రం ఫోటో తీస్తే ఆకుల్లో మునిగిపోతుంది. నీలం స్వభావంలోనే చీకటి ఉంది.

మరి ఆకుపచ్చకి 72 శాతం అన్నారు కదా, ఆకు ఎందుకు ముదురుగా ఉంది అని అడుగుతారు. మంచి ప్రశ్న. తెర మీద పచ్చ వేరు, చెట్టు మీద ఆకు వేరు. ఆకు తన మీద పడ్డ వెలుతురులో ఎక్కువ భాగాన్ని తాగేస్తుంది, బతకడానికి దానికి అది కావాలి. మనకి వదిలేది కొంచెమే.

ఇప్పుడు మీకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గురించి చెప్పాలి. మెహదీపట్నం అవతల. మీలో కొంతమందికి పాత జాంబాగ్ పూల మార్కెట్ గుర్తుండే ఉంటుంది, అక్కడి వ్యాపారం తర్వాత ఇక్కడికి వచ్చింది. తెల్లవారుజామున వెళ్తే బంతి గుట్టలు, గులాబీ బుట్టలు, అన్నీ ఉంటాయి. నేను చాలా ఏళ్లు ఫోటోల కోసం తిరిగిన చోటు అది. అక్కడ ఒకామె మల్లెలు అమ్మేది. ఒకరోజు ఆమె మల్లెల్ని తెల్ల ప్లాస్టిక్ కవర్ మీద పోసి ఉంచింది. కాసేపటికి తనే లేచి, పక్క కొట్టు నుంచి ఇన్ని అరటి ఆకులు తెచ్చి పరిచి, మల్లెల్ని వాటి మీదకి మార్చింది. ఎందుకమ్మా అని అడిగాను. "తెల్ల కవర్ మీద పోస్తే మల్లెలు పసుపు పట్టినట్టు కొడ్తయ్ సార్. ఆకు మీదైతే ఇప్పుడే కోసినట్టు ఉంటయ్" అంది.

అవే మల్లెలు. అదే వెలుతురు. ఐదు నిమిషాల తేడా. కవర్ తెలుపు మల్లె తెలుపు కంటే తెల్లగా, కొంచెం నీలంగా ఉంది. దాని పక్కన మల్లెలో ఉన్న ఆ లేత మీగడ రంగు మనకి పసుపుగా తోచింది. ఆకు మీదకి రాగానే, ఆకు ముదురు కాబట్టి, మల్లె తెల్లబడింది. పువ్వు మారలేదు, పొరుగు మారింది.

ఇదే విషయం ఫ్రాన్సులో ఒక రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. పేరు మిషెల్ యూజీన్ షెవ్రోల్. పారిస్‌లో గోబెలిన్ అనే నేత కర్మాగారం ఉంది, గోడలకి వేలాడదీసే బొమ్మల తెరలు అక్కడ నేస్తారు. అక్కడ రంగుల అద్దకానికి ఆయన పెద్ద. నల్ల దారం సరిగ్గా నల్లగా లేదు, అద్దకం బాగాలేదు అని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్ష చేసి చూస్తే అద్దకంలో లోపం లేదు. నలుపు పక్కన నేసిన రంగులే నలుపుని వెలవెలబోయేలా చేస్తున్నాయి. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. రెండు రంగులు పక్కపక్కన పెడితే మన కన్ను వాటి మధ్య ఉన్న తేడాని ఇంకా పెంచి చూస్తుంది, ఇదీ ఆయన చెప్పింది. ముదురు పక్కన లేత ఇంకా లేతబడుతుంది. ఆకుపచ్చ పక్కన గులాబీ రంగు ఇంకా గులాబీ అవుతుంది. అదే గులాబీ రంగుని మంట ఎరుపు మీద పెట్టండి, రక్తం పీల్చేసినట్టు పాలిపోతుంది. మన మల్లెల ఆమె ఏ పుస్తకమూ చూడలేదు. రోజూ చూసే కళ్లున్నాయి, అంతే.

బతుకమ్మ పేర్చేవాళ్లు కూడా ఇదే చేస్తారు. ఇక్కడున్న అక్కలకి నేను చెప్పాలా? అడుగున గుమ్మడి ఆకులు, వాటి మీద తంగేడు వరస, దాని మీద గునుగు, మళ్లీ బంతి. గునుగు పువ్వు వెండిలా తెల్లగా ఉంటుంది కదా, దాన్ని కొంతమంది రంగు నీళ్లలో ముంచి ఎరుపు, ఊదా, ఆకుపచ్చ చేస్తారు. ఎందుకు? పసుపు మీద తెలుపు పెడితే, లేత మీద లేత, వరస అంతగా తెలియదు కాబట్టి. బతుకమ్మలో ప్రతి వరసా పై వరసకి బ్యాక్‌గ్రౌండే. ఈసారి పేర్చేటప్పుడు పక్కన కూర్చుని ఆ ఎంపిక ఎలా జరుగుతుందో చూడండి. ఏ వరస దగ్గర పెద్దమ్మ చెయ్యి ఆగి, ఆలోచించి, వేరే పువ్వు తీసుకుంటుందో చూడండి. కెమెరా క్లాసులో దొరకని పాఠం అది.

సరే, ఇప్పుడు నలుపు గురించి. ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మన దగ్గర పువ్వు ఫోటో అనగానే అందరూ నల్ల గుడ్డ వేలాడదీస్తున్నారు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. డిజిటల్ కెమెరా కొత్తగా కొన్న రోజులు. చేవెళ్ల వైపు గులాబీలు పెంచే ఒకాయన, కేటలాగ్ వేస్తున్నాం, ఫోటోలు తీసిపెట్టండి అన్నారు. నేను నల్ల మఖ్మల్ గుడ్డ కట్టి, ముదురు ఎర్ర గులాబీల్ని వరసగా తీసుకుంటూ పోయాను. కెమెరా వెనక చిన్న తెర మీద అద్భుతంగా కనిపించాయి. అచ్చు వేసి చూపించాక ఆయన ఒకటే మాట అన్నారు, "మా గులాబీకి రేకులు ఏవి సార్? ఎర్ర ముద్ద ఉంది." నిజమే. రేకుకీ రేకుకీ మధ్య గీత లేదు. ప్లాస్టిక్ పువ్వులా ఉంది. ఆయన ఏడాదంతా పెంచిన మొక్కలవి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏం జరిగింది? కెమెరా మీటర్‌కి, అంటే లోపల వెలుతురు కొలిచే పరికరానికి, నలుపు, తెలుపు తెలియవు. మీరు చూపించే దృశ్యం మొత్తం మీద మధ్యరకం బూడిద రంగు ఉంటుందని, సుమారు 18 శాతం వెలుతురు వెనక్కి వస్తుందని నమ్మి అది లెక్క వేస్తుంది. నల్ల గుడ్డ చూపిస్తే, అయ్యో చీకటిగా ఉంది అని ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుతురు, పెంచేస్తుంది. గుడ్డ బూడిదవుతుంది, పువ్వు మీద వెలుతురు పొంగిపోతుంది. ఎర్ర పువ్వులో ముందు నిండేది ఎరుపు వంతు. అది నిండిపోయాక ఇక గీతలు, మడతలు ఏవీ నిలవవు. కాబట్టి నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. ఒక స్టాప్‌తో, అంటే వెలుతురుని సగానికి తగ్గించడంతో, మొదలుపెట్టి చూడండి, ఒక్కోసారి రెండు కూడా కావాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే దీనికి తలకిందులు, పెంచాలి. ఫోన్ వాడేవాళ్లు పువ్వు మీద వేలు నొక్కి పట్టుకోండి, పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది చాలా ఫోన్లలో, దాన్ని కిందికి లాగండి. అంతే.

నేను వెళ్లి మళ్లీ తీశాను, ఈసారి తగ్గించి. రేకుల మడతలన్నీ వచ్చాయి. కానీ ఇంకో సమస్య వచ్చింది. పువ్వు బయటి రేకులు, నీడలో ఉన్నవి, నల్ల గుడ్డలో కలిసిపోయాయి. గులాబీకి అంచు లేదు. సగం పువ్వే ఉన్నట్టుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇది మీటర్ తప్పు మాత్రమే కాదు, అసలు ఎంపికే తప్పు. ముదురు ఎరుపు వెనక నలుపు ఏంటి? చీకటి వెనక చీకటి. మూడోసారి, నలుపు తీసేసి, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ చార్ట్ పెట్టాను. గులాబీ మొత్తం అంచులతో సహా వచ్చింది. ఎరుపు ఇంకా లోతుగా కనిపించింది. ఆ కేటలాగ్ ఇప్పటికీ నా దగ్గర దాచుకున్నాను.

మరి నలుపు ఎప్పుడు బాగుంటుంది? దీనికి జవాబు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. అక్కడ బిద్రీ వస్తువులు చూసే ఉంటారు. హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసి, దాని మీద పూలు చెక్కి, ఆ గాట్లలో వెండి పొదుగుతారు. తర్వాత బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా ఉండిపోతుంది. నల్ల నేల మీద వెండి పూలు. వందల ఏళ్లుగా అది ఎందుకు కంటిని పట్టి నిలబెడుతోంది? వెండి తెల్లగా మెరుస్తుంది కాబట్టి. నలుపు మీద నిలిచేది తెలుపే, లేదంటే పసుపు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టే ముందు మీ పువ్వు వెండిలాంటిదా కాదా చూసుకోండి. నందివర్ధనం, లిల్లీ, లేత పసుపు చామంతి, ఇవి పెట్టొచ్చు. ముదురు గులాబీ, శంఖుపుష్పం, నల్లబడ్డ ఊదా చామంతి, ఇవి పెట్టకండి. నా మాట వినండి.

తెల్ల పువ్వుకి నలుపు పెట్టొచ్చు అన్నాను గానీ, నన్ను అడిగితే మల్లెకి నలుపు పెట్టను. ముదురు ఆకుపచ్చ పెడతాను. నలుపు మీద మల్లె నగలా ఉంటుంది, ఆకుపచ్చ మీద మల్లె పువ్వులా ఉంటుంది. నాకు పువ్వు కావాలి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చ గుడ్డ గానీ, ఎండ పడుతున్న ఆకు గానీ పువ్వుకి మరీ దగ్గరగా ఉంటే ఆ పచ్చదనం తెల్ల రేకుల మీద పడుతుంది. మల్లె జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. రెండు మూడు అడుగుల దూరం ఉంచండి. దూరం వల్ల ఇంకో లాభం, గుడ్డ ముడతలు, చార్ట్ గరుకు కనిపించవు, పువ్వు నీడ దాని మీద పడదు.

పసుపు గురించి రెండు మాటలు. తంగేడు మన రాష్ట్ర పుష్పం. దాన్ని మధ్యాహ్నం ఎండలో పాలిపోయిన ఆకాశం ముందు తీస్తే ఏమవుతుంది? లేత వెనక లేత. పోయింది. అదే ఉదయం పూట సూర్యుడు మీ పక్కన, భుజం వైపు ఉండేలా నిలబడి చూడండి, ఎదురుగా ఆకాశం అన్నిటికంటే ముదురు నీలంగా ఉంటుంది. వానలు వెలిసిన రోజుల్లో మరీను. లేదంటే మన ఊరి బండలున్నాయి. ఈ నగరం చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. నీడలో ఉన్న బండ కంటే మంచి బూడిద రంగు చార్ట్ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి? తంగేడు ఎండలో, బండ నీడలో. ఆ పసుపు దీపంలా వెలుగుతుంది. బండలు కొట్టేస్తున్నారు, రియల్ ఎస్టేట్ మింగేస్తోంది, ఉన్నన్నాళ్లూ వెళ్లి తీయండి.

బూడిద రంగు నాకు చాలా ఇష్టం, ఒప్పుకుంటాను. అది పువ్వు రంగుని అటూ ఇటూ లాగదు. లేత ఊదా రంగు పువ్వుని నీలం ముందు పెడితే ఎర్రగా, ఎరుపు ముందు పెడితే నీలంగా తోస్తుంది. బూడిద ముందు పెడితే అది అదిలాగే ఉంటుంది. పువ్వు అసలు రంగు తెలియాలంటే, కేటలాగ్ కోసమో, మొక్కల పుస్తకం కోసమో అయితే, కళ్లు మూసుకుని బూడిద పెట్టండి. శంఖుపుష్పానికి మాత్రం లేత బూడిద, లేకపోతే పాత సున్నం గోడ రంగు. అది ముదురు కదా, వెనక లేత కావాలి.

రంగు కావాలి, బూడిద వద్దు అనేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే. రంగుని బజారులో వెతక్కండి, ఆ మొక్కలోనే వెతకండి. కాడ రంగు, తొడిమ రంగు, ఎండిన ఆకు రంగు, కాండం బెరడు రంగు. మోదుగ పువ్వు చూశారా? ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలిపోయి, చెట్టంతా నారింజ రంగు మంట. దగ్గరికి వెళ్లి చూడండి, ప్రతి పువ్వుకీ తొడిమ నల్లటి మఖ్మల్ గుడ్డలా ఉంటుంది. చెట్టే తన పువ్వు వెనక నలుపు పెట్టుకుంది! అలాంటప్పుడు నేను పైనుంచి ఇంకో రంగు తేవడం ఎందుకు? అదే కొమ్మల్లో నీడగా ఉన్న చోటుని వెనక పెట్టుకుంటే చాలు.

ఇక చేతిలో ఏమీ లేనప్పుడు ఏం చేయాలి? పబ్లిక్ గార్డెన్స్‌లో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో మనం చార్టులు మోసుకుని తిరగలేం. అప్పుడు కాళ్లే సాధనం. పువ్వు కదలదు, మీరు కదలండి. ఒక అడుగు ఎడమకి వేస్తే వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీ పోయి చెట్టు మాను వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుంటే ఆకాశం వస్తుంది. పైనుంచి వంగితే మట్టి వస్తుంది. చెరువులో తామర తీసేటప్పుడు నీళ్ల రంగు ఏది? నీళ్లకి సొంత రంగు ఏమీ లేదు, ఎదురుగా ఏముంటే అది. మీరు నాలుగడుగులు జరిగితే తెల్లటి ఆకాశం బదులు అవతలి గట్టు చెట్ల నీడ నీళ్లలోకి వస్తుంది. తామర ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. నేను పువ్వు దగ్గరికి వెళ్లగానే కెమెరా తీయను. ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతాను. పువ్వుని చూడను, వెనక ఏముందో చూస్తాను. కళ్లు సగం మూసి చూస్తాను. సగం మూస్తే రంగులు మసకబడి ముదురు, లేత మాత్రమే మిగులుతాయి. పాత చిత్రకారుల అలవాటు అది, డబ్బు ఖర్చు లేదు.

ఇంకా కావాలంటే నల్ల గొడుగు. నిజంగానే చెప్తున్నాను. స్నేహితుడి చేతికి ఇచ్చి పువ్వు వెనక కొంచెం దూరంలో పట్టమనండి, ముదురు బ్యాక్‌గ్రౌండ్ సిద్ధం. అదే గొడుగు ఎండకి అడ్డంగా పడితే వెనకున్న ఆకుల మీద నీడ పడుతుంది, అవి ముదురు పచ్చ అవుతాయి. ఫ్లాష్ వాడేవాళ్లకి ఇంకో సంగతి. వెలుతురు దూరం రెట్టింపయితే నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాష్ పువ్వుకి అడుగు దూరంలో ఉండి, వెనక గోడ ఫ్లాష్‌కి నాలుగడుగుల దూరంలో ఉంటే, గోడకి అందేది పువ్వుకి అందినదానిలో పదహారో వంతు. తెల్ల గోడ కూడా ముదురుగా మారిపోతుంది. గుడ్డే అక్కర్లేదు.

బాబూ, మీరు ఏదో అడగబోయారు. కంప్యూటర్‌లో తర్వాత మార్చుకోవచ్చు కదా అంటున్నారు. ఇప్పుడు ఫోన్లోనే ఒక్క నొక్కుతో బ్యాక్‌గ్రౌండ్ మారిపోతోంది, నిజమే. కానీ మీ మందారం ఫోటోలో ఆ కేసరం చివర పుప్పొడి చుక్కలు చూడండి. చాలాసార్లు అవి సగం తెగిపోతాయి. ఇంకొకటి, రేకు అంచు పల్చగా ఉంటుంది, వెనక వెలుతురు దానిలోంచి వస్తుంది. పచ్చ ఆకుల ముందు తీసిన పువ్వుని ఊదా రంగు మీదకి మార్చితే, అంచుల్లో ఆ పాత పచ్చ అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది, ఏంటో చెప్పలేరు. రేకు తన పొరుగు రంగుని తాగి ఉంటుంది బాబూ. దాన్ని తర్వాత కడగడం చాలా కష్టం. తీసేటప్పుడే రెండడుగులు జరగడం తేలిక.

ఇంకెవరైనా? చార్ట్ పేపర్ ఎలాంటిది కొనాలి అని అడుగుతున్నారు అక్కడ అమ్మ. మెరుపు లేనిది కొనండి. మెరిసేదయితే మధ్యలో తెల్ల మచ్చ పడుతుంది. కోఠిలోనో, మీ వీధి చివర స్టేషనరీ కొట్లోనో దొరుకుతుంది. నాలుగు చాలు. నలుపు, ముదురు బూడిద, లేత బూడిద, మామిడి ఆకు రంగు. గులాబీ రంగు, మెరిసే నీలం కొనకండి, ఒకసారి ముచ్చటగా ఉంటుంది, తర్వాత అటక మీదకే.

ఎనిమిదిన్నర అవుతోంది, ఇంకాసేపైతే ఎండ గట్టిపడుతుంది. గేటు పక్కన నందివర్ధనం చెట్టు ఉంది, దాని వెనక ఒక వైపు తెల్ల గోడ, ఇంకో వైపు వేప నీడ. అదే పువ్వుని రెండు వైపుల నుంచీ తీయండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. గొడుగు నా దగ్గర ఒక్కటే ఉంది, వంతులవారీగా పట్టుకుందాం. చెప్పులు ఇటు వైపు ఉన్నాయి, రండి.